మేత సీసా, ఆకలి సీసా

భూమికి మూడు కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్లలో, కటిక చీకట్లో నివసించే సూక్ష్మజీవులను మా ఇంధన పొదుపు శాఖ ఈ సంవత్సరపు ఉత్తమ ఉద్యోగులుగా ఎంపిక చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ ప్రకటన రాసింది నేనే కనుక సంతోషించక తప్పదు.

ఈ శాఖలో నా ఉద్యోగం సారాంశాలు రాయడం. సగం పేజీ దాటిన కాగితం ఏదీ మా డైరెక్టర్ గారి బల్ల మీదికి వెళ్లకూడదని నియమం. ఆయనకు ముందున్న డైరెక్టర్ గారు పేజీ మొత్తం చదివేవారట. అందువల్లే ఆయన హయాంలో అన్ని పనులూ ఆలస్యమయ్యాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు ఎన్ని పేజీలు రాసినా మొదట నా దగ్గరికే వస్తాయి. నేను ఎర్ర పెన్సిలు తీసుకుని "కానీ", "అయితే", "ఒకవేళ" అనే మాటలు ఎక్కడున్నాయో చూసి, అక్కడి నుంచి కొట్టేస్తాను. దాంతో ముప్పాతిక పని అయిపోతుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పద్ధతి. మా గోదాము గోడ కూలిన సంఘటనను కూడా ఏడు లైన్లలో నిలబెట్టాను.

మా భవనంలో చిట్టచివరి గది సీసాల మేడమ్‌ది. ఆమె శాస్త్రవేత్త. తొమ్మిదేళ్ల క్రితం ఒక లోతైన గనిలోకి దిగి, రాతి పగులు దగ్గర బోర్లా పడుకుని, అందులోంచి కారే వేడి నీటిని గాలి సోకకుండా రెండు మందపాటి సీసాల్లో పట్టి తెచ్చారు. ఆ తర్వాత గనిని మూసేశారు. ఇప్పుడది నిండా నీళ్లు. కాబట్టి కావాలన్నా మళ్లీ అక్కడికి వెళ్లి తెచ్చేది లేదు. ఉన్నవి ఆ రెండు సీసాలే. ఒకదాని మీద "మేత" అని, రెండోదాని మీద "ఆకలి" అని ఆమె తన చేత్తో రాసి అంటించారు.

అంత లోతున ఎండ లేదు, ఆకు లేదు, గాలి లేదు. రాతిలో ఉన్న కొద్దిపాటి రేడియోధార్మికత నీటిని విడగొడితే హైడ్రోజన్ పుడుతుంది. అక్కడి జీవులకు అదే తిండి. మనం ఊపిరికి గాలిని వాడుకున్నట్టు అవి నీటిలో కరిగిన గంధకపు లవణాన్ని వాడుకుంటాయి. అది కూడా చాలీచాలని తిండే. అందుకే కొన్ని జీవులు ఒకటి రెండు కావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆ నెమ్మదితనం వాటి స్వభావమా, లేక గతిలేకా? మేడమ్ తేల్చాలనుకున్నది అదొక్కటే. ప్రతి సోమవారం మేత సీసాలోకి రబ్బరు బిరడా గుండా సూదితో హైడ్రోజన్ ఎక్కించేవారు. ఆకలి సీసాకు ఏమీ పెట్టేవారు కారు. రెండింటినీ ఇంక్యుబేటర్ అనే ఇనప బీరువాలో, అరవై డిగ్రీల వేడిలో ఉంచేవారు. తొమ్మిదో ఏడు నిండగానే రెండింట్లోనూ లెక్కపెట్టాలి.

ఏ గదిలో ఏం జరుగుతోందో రాసివ్వమని డైరెక్టర్ గారు అడిగితే మేడమ్ నాలుగు పేజీలు రాశారు. రెండో పేజీలో ఇలా ఉంది: "ఇవి ఎండ, గాలి, మనకు తెలిసిన ఆహారం లేకుండా జీవిస్తాయి, కానీ హైడ్రోజన్ అందకపోతే ఎదుగుదల ఆగిపోతుంది." "కానీ" దగ్గర నా పెన్సిలు దాని పని అది చేసింది. లైను పొడుగవుతోందని "మనకు తెలిసిన" అన్న మాటలు కూడా తీసేశాను. డైరెక్టర్ గారికి చేరింది ఇది: "ఇవి ఎండ, గాలి, ఆహారం లేకుండా జీవిస్తాయి."

ఆయన దాన్ని మూడుసార్లు చదివారు.

"ఏమయ్యా, ఇవి సెలవులు అడుగుతాయా?"

"అడగవండి."

"ఎన్నాళ్లబట్టి ఉన్నాయి?"

"లక్షల ఏళ్లబట్టి అంటున్నారండి."

"ఈ లక్షల ఏళ్లలో ప్రమోషన్?"

"ఒక్కటి కూడా లేదండి."

డైరెక్టర్ గారు కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు. తాను జీవితమంతా వెతికిన సిబ్బంది కాళ్ల కింద మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆదేశాలు వరసగా వెలువడ్డాయి. మొదటి దాని ప్రకారం సిబ్బంది చీకటికి అలవాటు పడేందుకు కిటికీలకు తెరలు వేశారు. రెండో దాని ప్రకారం ఫ్యాన్లు గంట తిరిగి గంట ఆగుతాయి. లిఫ్టు పైకి మాత్రమే పనిచేస్తుంది, ఎందుకంటే కిందికి దిగడానికి శక్తి అక్కర్లేదు. భోజన విరామాన్ని సగానికి తగ్గించి, మిగతా సగంలో సూక్ష్మజీవుల ఆదర్శాలపై ఉపన్యాసం ఏర్పాటు చేశారు. నెమ్మదిగా జీవించడంపై మూడు రోజుల శిక్షణ కూడా తలపెట్టారు కానీ, మా రికార్డుల సెక్షన్ వారు ఆ విషయంలో తమకు శిక్షణ అవసరం లేదని, కావాలంటే తామే ఇస్తామని ముందుకొచ్చారు. వారికి ఆ సూక్ష్మజీవుల సంగతి చెబితే, ఎందుకంత తొందర పడుతున్నాయని అడిగారు.

మూడో ఆదేశం ప్రకారం ఒకటో తారీకు నుంచి కరెంటుతో నడిచే యంత్రాలన్నీ ఆపేయాలి. మినహాయింపు రెండింటికే: డైరెక్టర్ గారి గదిలోని ఏసీ, గంటగంటకూ ఆయనకు టీ అందాలి కనుక క్యాంటీన్‌లోని నీళ్ల బాయిలరు. ఆపాల్సిన యంత్రాల జాబితాలో పదకొండోది చివరి గదిలోని ఇనప బీరువా. ఆ విధంగా తక్కువ శక్తితో బతికే జీవుల గౌరవార్థం ఆ జీవులను బతికించే వేడిని ఆపేయాలని నేనే అందమైన భాషలో రాశాను. రాస్తున్నప్పుడు నాకు తట్టనే లేదు. నా పని రాయడమే కానీ చదవడం కాదు కదా.

ఆ కాగితం పట్టుకుని మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అన్నయ్యా, ఇవి తిండి లేకుండా బతుకుతాయని నేనెక్కడ రాశాను?"

"రెండో పేజీలో ఉంది మేడమ్."

"అందులో సగమే రాశారు మీరు."

"నా ఉద్యోగమే అది కదమ్మా."

ఆమె నా మీద కేకలేస్తే బాగుండేది. ఊరికే నిలబడి, "తొమ్మిదేళ్లు అన్నయ్యా. ఇంక నాలుగు నెలలాగితే లెక్క తేలిపోయేది" అన్నారు. నాకు సిగ్గేసింది. పద్దెనిమిదేళ్లలో ఎన్నో వాక్యాలను సగానికి కోశాను, మిగతా సగాన్ని పట్టుకుని ఎవరూ నా ముందుకు రాలేదు.

దీనికి తోడు సన్మాన సభ ఒకటి. ఆ సభలో డైరెక్టర్ గారు స్వహస్తాలతో సీసా మూత తీసి, యుగాలుగా గాలీ వెలుతురూ ఎరగని ఆ ప్రాణులకు వాటిని ప్రసాదిస్తారని ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయి. నేను ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్లాను.

"గాలి తగిలితే చచ్చిపోతాయటండి."

"అలవాటు లేక మొదట్లో అలాగే ఉంటుందయ్యా" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం క్యాంటీన్‌లో మేడమ్ టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నారు. టీ మాస్టరు చూసి దగ్గరికొచ్చాడు. పెద్దవాడు, ఆమెను కూతురిలా చూసుకుంటాడు.

"ఏంటమ్మాయ్, టీ చల్లారిపోతోంది?"

సంగతంతా చెప్పి, ఆమె ఉన్నట్టుండి తలెత్తారు. "బాబాయ్, నీ బాయిలరు వెనకాల ఎంత వేడి ఉంటుంది?"

"చెయ్యి పెడితే బొబ్బలెక్కదు గానీ, ఎక్కువసేపు ఉంచలేం."

థర్మామీటరు పెట్టి చూస్తే అరవై ఒకటి. మూడు కిలోమీటర్ల లోతున దొరికే వేడి మా క్యాంటీన్‌లో గ్లాసుల అరకు ఆనుకునే ఉందన్నమాట. టీ మాస్టరు ఆ అర ఖాళీ చేసి, రెండు సీసాలకూ తువ్వాలు చుట్టి సర్దాడు. "డైరెక్టర్ గారు టీ మానేదాకా వీటికి ఢోకా లేదు, పో" అన్నాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం మేడమ్ సూది పట్టుకుని బాయిలరు వెనక్కి వెళితే, నేను గుమ్మంలో కాపలా కాసేవాణ్ణి. నా సర్వీసులో నేను నిలబడి చేసిన పని అదొక్కటే.

సన్మానం దివ్యంగా జరిగింది. కుళాయి నీళ్లు నింపిన మూడో సీసాను నేనే పళ్లెంలో పెట్టి అందించాను. "అడగకుండా బతికేవాడే అసలైన ఉద్యోగి!" అని డైరెక్టర్ గారు ఉపన్యసించారు. "కోరికలే శక్తిని వృథా చేస్తాయి! ఈ చిన్నారి జీవుల ముందు నేను తల వంచుతున్నాను!" అంటూ తల వంచి, మూత తీశారు. సీసాలోంచి ఏదో శక్తి తన అరచేతిని తాకిందని చెబితే సభ చప్పట్లతో మారుమోగిపోయింది. ఉపన్యాసాల వల్ల భోజనం కుదరక, ఆ చప్పట్లు అందరం ఖాళీ కడుపులతోనే కొట్టాం. ఆ సీసా ఇప్పటికీ ఆయన గదిలో, తెర వేయని ఒకే ఒక్క కిటికీ పక్కన ఉంది. ఎండకు నాచు పట్టి నీళ్లు పచ్చబడ్డాయి. తన పాలనలో ఎలా వృద్ధి చెందుతున్నాయో చూడమని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటారు.

నాలుగు నెలలు గడిచాయి. మేడమ్ రెండు రోజులు సూక్ష్మదర్శిని ముందు నుంచి లేవలేదు. ఆకలి సీసాలో జీవులు ప్రాణాలతోనే ఉన్నాయి, తొమ్మిదేళ్ల క్రితం ఎన్నో ఇప్పుడూ దాదాపు అన్నే. మేత సీసాలో వందల రెట్లు పెరిగాయి.

"అయితే బద్ధకం కాదన్నమాట" అన్నాడు టీ మాస్టరు.

"కాదు బాబాయ్. తిండి చాలక అలా ఉన్నాయంతే."

"ఈ మాటకి తొమ్మిదేళ్లు పట్టిందా అమ్మాయ్? నన్నడిగితే ఆ రోజే చెప్పేవాణ్ణి."

మేడమ్ నవ్వారు. ఆమె అలా నవ్వగా చూడటం అదే మొదలు, నాకు కడుపు నిండిపోయింది.

ఆమె మళ్లీ నాలుగు పేజీలు రాశారు. ఈసారి నేను ఎర్ర పెన్సిలు సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎంతో ఆలోచించి, ఒక్క ముక్క పోకుండా రాశాను: "ఆకలితో ఉన్నవి బతికాయి, కానీ పెరగలేదు. మేత అందినవి పెరిగాయి. నెమ్మదితనం వాటి స్వభావం కాదు, లేమి."

డైరెక్టర్ గారు చదివి తలూపారు. "బాగుంది. కానీ గోడకి పెట్టడానికి పొడుగెక్కువ. కాస్త తగ్గించు."

"తగ్గిస్తే అర్థం మారిపోతుందండి" అన్నాను. పద్దెనిమిదేళ్లలో ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

ఆయన కోప్పడలేదు. ఇన్నేళ్లుగా నా పనితనం గమనిస్తున్న మనిషి. తన పెన్సిలు తీసుకుని, "కానీ" ఎక్కడుందో చూసుకుని, అక్కడి నుంచి కొట్టేశారు.

ఇప్పుడు మా ఆఫీసులో ప్రతి గదిలోనూ ఒక పటం ఉంది. అందులో బంగారు రంగు అక్షరాలతో "ఆకలితో ఉన్నవి బతికాయి" అని ఉంటుంది. చాలా బాగుందని ఇతర ఆఫీసులవారు, ఫ్యాక్టరీలవారు, బడులవారు కూడా అడిగి పట్టుకెళ్లారు. పంపేముందు ప్రతి పటం వెనకా మిగతా సగం నేను పెన్సిలుతో రాసి పెట్టాను, ఎవరో ఒకరు తిప్పి చూడకపోతారా అని. ఎనిమిది నెలలైంది. మిగతా సగమేదని అడుగుతూ ఇంతవరకూ ఒక్క ఉత్తరమూ రాలేదు. మీ గోడ మీదున్న పటం నుంచి కూడా.