ముక్కుకు సగం, కమానుకు సగం

ఆదివారం ఉదయం ఏడూ నలభైకి, ఇటలీలోని విచెంజాలో, వయొలినిస్టు ఫుల్వియో జంబెల్లికి జలుబు పట్టింది. పదకొండున్నరకు చర్చిలో అతని కచేరీ. పట్టణ సంగీతోత్సవానికి అతన్ని ఇంకో మూడేళ్లు ఉంచాలా, సాగనంపాలా అన్నది ఈ కచేరీ విన్నాకే తేలుస్తానని ఉత్సవ సంఘం అధ్యక్షురాలు సిన్యోరా కాస్తాల్దెల్లి ముందే చెప్పింది.

ఫుల్వియో బృందం వాయించేది మూడు వందల ఏళ్ల నాటి బరోక్ సంగీతం. అందులో బెత్తం పట్టుకుని ముందు నిలబడేవాడు ఉండడు. నాయకుడు వయొలిన్ వాయిస్తూనే నడిపించాలి. ఒక చేతిలో వయొలిన్, ఇంకో చేతిలో దాని కమాను ఉంటాయి కనక, అతను ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి పీలిస్తే మిగతావాళ్లు ఎత్తుకుంటారు. ఇరవై ఇద్దరు వాద్యకారులు పంతొమ్మిదేళ్లుగా ఆ ముక్కునే నమ్ముకుని ఉన్నారు.

తొమ్మిదిన్నరకు రిహార్సల్. ఫుల్వియో కుర్చీ జరుపుకుంటూ ముక్కు ఎగబీల్చాడు. బృందం ఎత్తుకుంది. ఆపించి, మళ్లీ ఎగబీల్చాడు. మళ్లీ ఎత్తుకుంది. పావుగంటలో ఏడుసార్లు మొదలై ఏడుసార్లు ఆగింది. రిహార్సల్ చాలించి అందర్నీ కచేరీ దాకా వదిలేశాడు.

"కాస్త చీదుకుని రా నాయనా," అంది చెల్లో వాయించే ఎర్సీలియా. "నీ ఉద్యోగం అసలే తుమ్మితే ఊడే ముక్కు."

"నాలుగు రుమాళ్లయ్యాయి. ఇవాళ నా ముక్కు జోలికి పోకండి. కమాను పైకెత్తితే మొదలుపెట్టండి. అందరికీ చెప్పు."

ఎర్సీలియా అందరికీ చెప్పింది. అందరంటే తీగల వాద్యాల వాళ్లు, తనతో కలిపి పన్నెండు మంది. ఊదే వాద్యాల వాళ్లు పది మంది అప్పటికి ఎదురుగా ఉన్న కాఫీ బార్‌లో కూర్చున్నారు.

పదకొండున్నరకు చర్చి నిండింది. సిన్యోరా కాస్తాల్దెల్లి చివరగా వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఫుల్వియో మర్యాదకు కమాను ఎత్తి ఆమెకు అభివాదం చేశాడు. తీగల వాళ్లు ఎత్తుకున్నారు. కంగారులో అతను ముక్కుతో గాలి పీల్చాడు. ఊదేవాళ్లు ఎత్తుకున్నారు, రెండు ఆవర్తాలు వెనక.

"వాళ్లకి చెప్పలేదా?" అన్నాడు ఫుల్వియో ఎర్సీలియాతో, వాయిస్తూనే.

"నువ్వు చెబుతావనుకున్నా. ఆపేద్దామా?"

"ఆపితే తప్పని ఒప్పుకున్నట్టే. కానివ్వు."

ఒకరి కోసం ఒకరు ఆగలేదు. సన్నాయిలాంటి ఓబో ఊదే దోనాతో అనే అతను, తామే సరైన చోట ఉన్నామన్న ధీమాతో ఇంకాస్త గట్టిగా ఊదాడు. తీగల వాళ్లు ముగించారు. ఊదేవాళ్లు మరో రెండు ఆవర్తాలు ఒంటరిగా వాయించి ముగించారు.

సిన్యోరా కాస్తాల్దెల్లి లేచి నిలబడింది.

"ఒక పక్క పలికింది రెండో పక్క తిరిగి పలకడం. పాతరోజుల్లో ఇలాగే వాయించేవారట కదా మాయెస్ట్రో. మా తాతగారు చెప్పేవారు. ఎక్కణ్ణుంచి తవ్వి తీశారు?"

"ఏడాది పరిశోధనండి," అన్నాడు ఫుల్వియో.

"మాకు చెప్పలేదే?" అన్నాడు ఓబో ఊదే అతను. ఎర్సీలియా అతని కాలు తొక్కింది.

సోమవారం ఒప్పందం మీద సంతకాలయ్యాయి. గడువు మూడేళ్లు. నాలుగో షరతు ప్రకారం ప్రతి కచేరీలోనూ రెండు గుంపులు రెండు ఆవర్తాల తేడాతో ఎత్తుకోవాలి. గురువారం రిహార్సల్‌లో పదకొండుసార్లు ప్రయత్నించారు. పదకొండుసార్లూ ఇరవై ఇద్దరూ ఒకేసారి ఎత్తుకున్నారు.