ఎద్దు వెనకాల వచ్చినవాళ్ళు

ఈ కథలో అణువంత కల్పన కూడా లేదు. మా ఊరు ఉమువాలలో ఏ సభ జరిగినా ముందు వరసలో కుర్చీ వేయించుకుని కళ్ళారా చూసినవాణ్ణి. ఒకరు చెప్తే విని రాసే అలవాటు మా ఇంటావంటా లేదు. కాబట్టి నిశ్చింతగా చదవండి.

మా లోకల్ గవర్నమెంటు చైర్మన్ హానరబుల్ అన్యాదుబ గారు గొప్ప ఆలోచనాపరులు. ఆయనకు ఆలోచన వచ్చిందంటే షామియానా లేవాల్సిందే. ఆ రోజు సంత మైదానంలో షామియానా వేయించి, రేడియోవాళ్ళనీ పత్రికలవాళ్ళనీ ముందు కూర్చోబెట్టి, మైకు మీద టకటకా కొట్టి చూసుకుని ‘వంశశుద్ధి ఉత్తర్వు’ చదివారు. ఎవరి పూర్వీకులైతే పశువు వెనకాల నడిచి ఈ గడ్డ మీదికి వచ్చారో వాళ్ళంతా తట్టాబుట్టా సర్దుకుని నెలాఖరుకల్లా పోవాలి. మూపురం ఉన్న ఏ పశువూ ఇక్కడ గిట్ట మోపరాదు. ఎందుకంటే మా ఇగ్బో జాతివాళ్ళు, అందులోనూ ఉమువాల ఇగ్బోలు సామాన్యులు కారు. బైబిల్లో యాకోబుకు గాదు అని ఒక కొడుకున్నాడే, ఆయనకు నేరుగా వారసులు. ఐగుప్తు నుంచి బయల్దేరి, ఎడారి దాటి, దారిలో ఎవరినీ దేహీ అనకుండా వచ్చి వచ్చి సరిగ్గా ఈ సంత మైదానంలోనే ఆగారు.

జనం చప్పట్లు కొట్టారు. నీళ్ళ ప్యాకెట్లు ఉచితంగా పంచారు కనుక గట్టిగానే కొట్టారు.

చప్పట్లు ఆగాక వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. అర్దో గిదాదోది. ఉత్తరాది ఫులానీ తెగవాడు, పశువుల కాపరి. అర్దో అంటే వాళ్ళలో పెద్దని. ఊరి చివర గుట్ట కింద ముప్పై ఏళ్ళుగా మందతో ఉంటున్నాడు. పిల్లలు పుట్టిందీ, బడికెళ్ళిందీ ఇక్కడే.

"చైర్మన్ గారూ, ఉత్తర్వు బాగుంది. చిన్న సందేహం. మీ మూలపురుషుడు ఎవరన్నారు?"

"గాదు."

"కాదంటే మరెవరు?"

"గాదయ్యా, గాదు. యాకోబు కొడుకు."

"ఓహో. ఆయనేం పని చేసేవాడు?"

"మందలు కాసేవాడు" అనేశారు చైర్మన్ గారు, ఆలోచించకుండా.

"ఐగుప్తు నుంచి ఇక్కడిదాకా అంటే చాలా దూరం. దారిలో ఆ మందలు ఎవరి పొలాల్లో మేశాయో?"

చైర్మన్ గారు ఒక్క క్షణం ఆకాశంలోకి చూశారు. "అది పవిత్రమైన మేత" అన్నారు. పత్రికలవాళ్ళు రాసుకున్నారు.

ఇక్కడొక మాట చెప్పాలి. మావాళ్ళ భయానికి కారణం లేకపోలేదు. ఉజోఅమక అనే విధవరాలు ఉంది. ఆ పేరుకు ‘దారి బాగుంది’ అని అర్థం. వానలకు ముందు ఎక్కడినుంచో పెద్ద మంద ఒకటి వచ్చి ఆమె కర్రపెండలం చేను మొదలంటా మేసేసి పోయింది. గిదాదో మంద కాదు. దాని వెనక నడిచిన కుర్రాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. ఆ పశువుల అసలు యజమానులు పట్నంలో ఏసీ గదుల్లో ఉంటారని చెప్పుకున్నారు. ఆమె పోలీసుల దగ్గరికి వెళ్ళింది, ఎవరూ రాలేదు. చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పూర్తిగా విన్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు.

"నాకు చేనుకు కాపలా కావాలయ్యా. వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి" అంది ఉజోఅమక.

"తుపాకీ తాత్కాలికమమ్మా. వంశం శాశ్వతం" అని చెప్పి, తన బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి చేతిలో పెట్టి పంపించారు.

ఆమె ఆ క్యాలెండరు చుట్టుకుని, కౌన్సిల్ ఆఫీసు నుంచి సంతదాకా చైర్మన్ గారు వేయించిన తారు రోడ్డు మీద ఇంటికి నడిచింది. ఆ రోడ్డు అప్పటికే గుంతలు పడింది. అవి మూపురం ఉన్న పశువుల గిట్టల వల్లే పడ్డాయని ఒక కమిటీ తేల్చింది కూడా. ఇంకా ఎవరైనా గొణిగితే చైర్మన్ గారు రాజధాని అబూజా వైపు వేలు చూపించేవారు. మన ఇగ్బోలను అబూజా నొక్కేస్తోంది, ఉత్తరాదివాళ్ళు తొక్కేస్తున్నారు అనేవారు. అబూజా వెళ్ళినప్పుడు మాత్రం ఒక ఉత్తరాది సెనేటర్ పక్కన కూర్చుని, పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం తింటూ ఫొటో దిగారు. అది దేశసమైక్యత, దీనికీ దానికీ లంకె పెట్టకూడదు.

ఇంతలో, నెలాఖరు దగ్గరపడుతుండగా, చైర్మన్ గారి తండ్రి కాలం చేశారు.

ఆ పెద్దాయన ఒగ్బుయెఫి. ఒగ్బు అంటే కోసినవాడు, ఎఫి అంటే పశువు. ఎద్దును కోసి ఊరందరికీ పెట్టినవాడికి మావాళ్ళిచ్చే బిరుదది. ఎర్రటోపీ పెట్టుకోవచ్చు, నలుగురిలో ముందు మాట్లాడొచ్చు. తండ్రి కర్మ సవ్యంగా జరిపించి తనూ ఒగ్బుయెఫి కావాలని, ఆ ఎర్రటోపీతో రాష్ట్ర అసెంబ్లీకి పోటీ చేయాలని చైర్మన్ గారి కోరిక. తండ్రి మీద ప్రేమ లేకపోలేదు. మార్చురీ నుంచి బయటికొచ్చి కారు వెనక నిలబడి ఏడ్చారు. ఫొటోగ్రాఫర్ వచ్చాక మళ్ళీ ఏడ్చారు గానీ, మొదటి ఏడుపు నిజమైనదే. శుక్రవారం ఖననమని ఒనిచా వంతెనదాకా ఫ్లెక్సీలు కట్టించారు. రేడియోలో ప్రత్యక్ష ప్రసారం. ప్రతి కూడలికీ ఒక లౌడ్ స్పీకరు.

దాయాదులు సమావేశమయ్యారు. వాళ్ళందరిలో వయసులో పెద్ద ఒన్యెక్వెలు. చైర్మన్ గారికి పెదనాన్న వరస. పెద్దరికం ఆయనది కనుక ఒఫో కర్ర ఆయన చేతిలోనే ఉంటుంది. అది పట్టుకుని అబద్ధమాడినవాడు ఏడాది తిరగకుండానే పోతాడని మా నమ్మకం. ఆయన మర్యాదకు ఇచ్చే కోలాకాయ విరిచి, అందరికీ పంచి, తాపీగా రెండే ముక్కలు చెప్పాడు. ఎద్దు పడాలి. పూర్వీకుల పేర్లన్నీ వరసగా పిలవాలి. ఈ రెండూ జరగందే ఒగ్బుయెఫి మట్టిలోకి దిగడు.

ఊళ్ళోకి ఎద్దు రాకూడదు పెదనాన్నా, నేనే నిషేధించాను అని చైర్మన్ గారు మనవి చేసుకున్నారు. ఎద్దుకు బదులు సభామండపానికి పెద్ద జనరేటరు బహూకరిస్తానన్నారు.

"మీ నాన్నను ఒగ్బుయెఫి అన్నాం గానీ ఒగ్బుజనరేటరు అనలేదురా అబ్బాయ్" అన్నాడు పెద్దాయన.

మూపురం లేని పొట్టి నాటు ఎద్దు ఉత్తర్వు కిందికి రాదు. దానికోసం ఉత్తర్వు అమలుచేసే టాస్క్‌ఫోర్స్ కమాండర్ ఎమెనిఖే జీపు వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలించాడు. ఎమెనిఖే నిజాయితీపరుడు. చెప్పింది చేస్తాడు, ఎందుకని అడగడు. పాపం, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. నాటు ఎద్దులన్నిటినీ అంతకు ముందు చావుల్లోనే తినేశారట.

మర్నాడు పరామర్శకని గిదాదో వచ్చాడు. బయట చెప్పులు విడిచి, తల దించుకుని కూర్చున్నాడు. తన మందలో చైర్మన్ గారి తండ్రి కొని వదిలిపెట్టిన ఎద్దు ఒకటి ఉందని చెప్పాడు. ఎందుకు వదిలిపెట్టాడని చైర్మన్ గారు అడిగారు.

"‘నేను పోయిన రోజున పనికొస్తుంది, మావాడి దగ్గర ఉపన్యాసాలు తప్ప ఏమీ ఉండవు’ అన్నారు. ఆయన మాట, నాది కాదు."

ఎద్దును చూస్తే తెల్లగా, ఏనుగులా ఉంది. మూపురం దూరానికే కనిపిస్తోంది. చైర్మన్ గారు వంశశుద్ధి కమిటీని అత్యవసరంగా పిలిపించారు. కమిటీ ఎద్దు చుట్టూ తిరిగి, తడిమి, తేల్చింది: అది మూపురం కాదు, యజమాని మరణవార్త విన్న దుఃఖంలో వచ్చిన వాపు. అయినా ఎందుకైనా మంచిదని, చావింటివాళ్ళ కోసం అచ్చు వేయించిన, చైర్మన్ గారి బొమ్మ ఉన్న యూనిఫారం గుడ్డ ఆ వాపు మీద కప్పారు. గిదాదో తప్ప ఎవరు తాడు పట్టినా ఎద్దు కదలదు కనుక, అతనికి శుక్రవారం సాయంత్రందాకా స్థానికుడి హోదా ఇచ్చారు.

ఇక పేర్లు మిగిలాయి. ప్రత్యక్ష ప్రసారం కదా, ఒకసారి వినిపించు పెదనాన్నా అన్నారు చైర్మన్ గారు. పెద్దాయన కళ్ళు మూసుకుని ఒకరి తరవాత ఒకరిని పిలుచుకుంటూ పైకి వెళ్ళి, చివర ఒక పేరు దగ్గర ఆగాడు. ఒబియా. అంటే అతిథి, వచ్చినవాడు.

"ఎక్కణ్ణించి వచ్చినవాడు?"

"నది అవతలి నుంచి. ఎద్దు తప్పిపోతే దాని వెనకాలే తాడు పట్టుకుని వచ్చాడు. ఊరివాళ్ళు నీళ్ళిచ్చారు, కోలా ఇచ్చారు, గుట్ట కింద చోటిచ్చారు. ఇప్పుడు గిదాదో ఉన్నాడే, అక్కడే."

చైర్మన్ గారు లేచి తలుపు మూసొచ్చారు. "ఈ ఒక్క పేరూ వదిలెయ్ పెదనాన్నా. దాని బదులు గాదు పేరు పిలువు. యాకోబు పేరు పిలువు."

"యాకోబు మన దాయాదుల సమావేశానికి ఒక్కసారైనా వచ్చాడట్రా? నిచ్చెనలో ఒక మెట్టు ఊడబీకి మీ నాన్నను ఎక్కమంటావా? ఆ మెట్టు లేకపోతే ఆయన వాళ్ళ దగ్గరికి చేరడు. మధ్యలో వేలాడతాడు." పెద్దాయన తాపీగా అన్నాడు. "ఉత్తర్వు నేనూ విన్నాను. నా మూట కట్టుకునే ఉన్నాను."

తండ్రి మధ్యలో వేలాడటం చైర్మన్ గారు భరించలేరు. ఆ పేరు రేడియోలో వినిపించడమూ భరించలేరు. అందుకని ఒక ఉపాయం పన్నారు. పెద్దాయన చివరి పేరుకు రాగానే తను రుమాలు ఊపుతారు, మైకు నడిపే జనరేటరు ఆపేస్తారు. పేరు స్వర్గానికి వినిపిస్తుంది, రేడియోకు వినిపించదు.

శుక్రవారం తారు రోడ్డు మీద ఊరేగింపు బయల్దేరింది. ముందు గిదాదో, ఎద్దు, ఎద్దు వాపు మీద నవ్వుతున్న చైర్మన్ గారు. వెనక శవపేటిక, బ్యాండు, అసలు చైర్మన్ గారు. ఇంటి ముందు ఎద్దు పడింది. పెద్దాయన ఒఫో కర్ర ఎత్తి పేర్లు మొదలుపెట్టాడు. చివరి పేరు దగ్గరికి వచ్చాడు. రుమాలు ఊగింది. జనరేటరు ఆగింది.

సరిగ్గా అప్పుడు, పోయిన పండగ నుంచి మొహం చూపించని కరెంటు వచ్చింది.

కరెంటు వస్తే పిల్లా పెద్దా కేకపెట్టడం మావాళ్ళ ఆచారం. చావిల్లని కూడా చూడలేదు. ఆ కేక సద్దుమణిగాక ప్రతి కూడలిలోనూ పెద్దాయన గొంతు ఖంగున వినిపించింది: "ఒబియా, ఎద్దు వెనకాల వచ్చినవాడా, నీ బిడ్డ వస్తున్నాడు, చోటివ్వు."

పేటిక మట్టిలోకి దిగింది. దిగాక, కమాండర్ ఎమెనిఖే వచ్చి చైర్మన్ గారి ముందు సెల్యూట్ కొట్టాడు.

"సార్, ఉత్తర్వు ప్రకారం జీపు తెచ్చాను. తమరిని ముందు ఎక్కించమంటారా, పెద్దాయన్ను ముందు ఎక్కించమంటారా?"

గిదాదో చేతిలో ఖాళీ తాడు చుట్టుకుంటూ దగ్గరికొచ్చాడు.

"గుట్ట కింద నా పక్కన చోటుంది చైర్మన్ గారూ, రండి. మొదటి ముప్పై ఏళ్ళే కాస్త ఇబ్బంది. ఆ తరవాత, ఎవడో ఒకడు మైకు కొనేదాకా ఫరవాలేదు."

మైకు అన్న మాట వినగానే చైర్మన్ గారికి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి మైకు అందుకున్నారు. ఉత్తర్వులో చిన్న అచ్చుతప్పు దొర్లిందన్నారు. ‘పశువు వెనకాల’ అన్నచోట ‘పశువు ముందు’ అని చదువుకోవాలన్నారు. వెనకాల నడిచినవాడు వినయశీలి, భూమిపుత్రుడు. ముందు నడిచినవాడే పరాయివాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు నీళ్ళ ప్యాకెట్లు కాదు, మాంసం ఉంది.

ఎమెనిఖే గిదాదో వైపు తిరిగాడు. "నువ్వు ఈ ఊరికి వచ్చినప్పుడు పశువుకు ముందు నడిచావా, వెనక నడిచావా?"

"పక్కన" అన్నాడు గిదాదో.

పక్కన నడిచినవాళ్ళ సంగతి తేల్చడానికి ఇంకో కమిటీ వేశారు. అది నేటికీ కూర్చునే ఉంది. గిదాదో గుట్ట కిందే ఉన్నాడు. చైర్మన్ గారు ఒగ్బుయెఫి అయ్యారు, ఎర్రటోపీ బాగానే నప్పింది. ఉజోఅమక చేనుకు మాత్రం ఇంకా కాపలా లేదు.

ముందు వరసలో కూర్చుని చూశానన్నాను కదా. ముందు వరస బిరుదులున్నవాళ్ళకు. నేను వెనక, మాంసం కోసే చోట ఉన్నాను. అక్కణ్ణించి వినిపించినంత స్పష్టంగా ముందు వరసలో వినిపించదు లెండి. మిగతాదంతా నిజమే. ఎద్దు వాపు నిజం, కరెంటు నిజం, జీపు నిజం.

ఒక్క తారు రోడ్డే నేను కల్పించాను. రాసింది చదివి వినిపిస్తుంటే ఉజోఅమక పెండలం బుట్ట దించి, కాళ్ళకు మోకాలిదాకా అంటిన బురద గోక్కుంటూ, "తాతా, కనీసం కథలోనైనా ఒక రోడ్డు వేయించకూడదా" అంది. వేయించాను.