విమల ఎవరికైనా గుర్తుందా

ఆ చిన్న డిగ్రీ కాలేజీలో చదివినవాళ్లు తోటి విద్యార్థుల్లో ఒక్కరికైనా గుర్తున్నంత కాలమే కంటికి కనిపిస్తారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దీన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఒక ఆదివారం సమావేశం పెట్టి, పలచబడినవాళ్లను పేరుపేరునా పిలిచి, వాళ్ల గురించి ఎవరిచేతైనా జ్ఞాపకం చెప్పించి, టిఫిన్ పెట్టి పంపిస్తుంది.

వీరలక్ష్మి కూతురు విమల ఈ ఏడు బాగా పలచబడింది. ముందు వేళ్లు పోయాయి. చలికాలం కదా, అలాగే ఉంటుందనుకున్నారు. తర్వాత రేషన్ షాపులో వేలిముద్ర పడలేదు. బస్సులో ఖాళీ సీటనుకుని ఒకాయన ఆమె ఒళ్లో కూర్చున్నాడు. పుట్టినరోజుకి సంఘం వాట్సాప్ గ్రూపులో అందరూ పూలగుత్తులూ కేకు బొమ్మలూ పంపారు గానీ, వాటివల్ల చిటికెన వేలు కూడా తిరిగి రాలేదు. ఆ గ్రూపులో ఎవరి పుట్టినరోజుకైనా అవే బొమ్మలు.

సమావేశం రోజు వీరలక్ష్మి కూతురికి ముదురు ఎరుపు చీర కట్టించి, మొహమంతా దట్టంగా పౌడరు అద్దింది. జనం తొక్కేస్తారేమో, ఫ్యాను గాలికి ఎగిరిపోతుందేమో, పేరు పిలిచేసరికి అసలే లేకుండా పోతుందేమో అని దారంతా పిల్ల కొంగు వదల్లేదు.

హాలు సందడిగా ఉంది. క్యాంటీన్ మిరపకాయ బజ్జీ అందరికీ గుర్తుంది. ప్రిన్సిపాల్ గారి స్కూటరు రంగు మీద రెండు బ్యాచీల వాళ్లు వాదించుకున్నారు. కార్యదర్శి సత్తిరాజు విమల పేరు చదివి, ఆమెతో చదివినవాళ్లను లేచి చెప్పమన్నాడు. ఎవరూ లేవలేదు. నెమ్మదస్తురాలు కదూ అని ఎవరో గొణిగారు. అలాంటివి జ్ఞాపకం కింద రావని, ఏదైనా సంఘటన కావాలని సత్తిరాజు వివరించాడు.

వీరలక్ష్మే లేచింది. జ్వరమొచ్చినా పిల్ల కాలేజీ మానేది కాదని, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేసి మరీ తిరిగిచ్చేదని చెప్పబోయింది.

"కూర్చోండి పిన్నిగారూ," అన్నాడు సత్తిరాజు మర్యాదగా. "తల్లులకి జరిగిందీ గుర్తుంటుంది, జరగందీ గుర్తుంటుందండి. అందుకని మీ మాట లెక్కలోకి తీసుకోం."

పక్కన చీర పైన మెడ కూడా కనిపించడం మానేసింది. పౌడరు ఒక్కటే గాల్లో నిలబడి ఉంది.

అప్పుడు వెనక వరసలోంచి జోగేశ్వరి అనే ఆవిడ లేచింది. విమల క్లాసులోనే చదివిన మనిషి.

"నాకు గుర్తుందండి. జెండా వందనంనాడు ప్రిన్సిపాల్ గారు మైకులో మాట్లాడుతుంటే భళ్లున నవ్వేసింది కదండీ. ఆయన బెదిరిపోయి కాగితాలు పడేసుకున్నారు. ఆ పిల్లే ఈ విమల."

హాలంతా గొల్లున నవ్వింది. విమల వంగి తల్లి చెవిలో చెప్పింది.

"అది నేను కాదమ్మా. వేరే అమ్మాయి."

వీరలక్ష్మికీ తెలుసు. తన పిల్ల నవ్వొస్తే మొహానికి పుస్తకం అడ్డం పెట్టుకునే రకం. చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నొక్కడానికి చెయ్యి ఉంది. ఎముకలు, గాజులు, వెచ్చదనం అన్నీ ఉన్నాయి.

"ఊరుకోవే తల్లీ. ఆవిడ చెబుతోందిగా."

జ్ఞాపకం ఆమోదం పొందిందని సత్తిరాజు ప్రకటించి తర్వాతి పేరు పిలిచాడు. వీరలక్ష్మి వెనక్కి వెళ్లి జోగేశ్వరి రెండు చేతులూ కళ్లకద్దుకుంది. ఉప్మా తింటున్నప్పుడు మాత్రం, ఆ రోజు నవ్విన అసలు పిల్ల ఇప్పుడెలా ఉందో అన్న దిగులు పట్టుకుంది. ఆమెకూ ఎవరో ఒకరు ఉండకపోరులే అనుకుని చెయ్యి కడుక్కుంది.

అప్పటినుంచి జోగేశ్వరికి తరచూ ఫోన్ చేస్తోంది. బీపీ మాత్ర వేసుకున్నావా, నిద్ర పడుతోందా, బండి మీద హెల్మెట్ పెట్టుకుంటున్నావా అని అడుగుతుంది. వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లకెవరికైనా మతిమరుపు ఉందేమో డొంకతిరుగుడుగా ఆరా తీస్తుంది. కన్నతల్లి కూడా ఇంతగా కనిపెట్టుకుని ఉండదని జోగేశ్వరి మురిసిపోతుంది.

నిన్న ఫోన్లో ఉండగా వంటింట్లో విమల భళ్లున నవ్వింది. పక్కింటివాళ్లు కిటికీ తీసి చూశారు.

"అదేనండి, అచ్చం అదే నవ్వు," అంది జోగేశ్వరి అటువైపు నుంచి.

"అవునమ్మా," అంది వీరలక్ష్మి. "మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ అంతే."