ఎనిమిది మెగాబైట్ల తరుగు

ఆ ఉదయం ఓబులమ్మ అనుకున్న పని చిన్నదే. కొత్తగా వచ్చిన నలభై మెగాబైట్ల డిస్కును ఫార్మాట్ చేసి, మధ్యాహ్నం మూడింటికి డైరెక్టరుగారు వచ్చేలోగా జిల్లా బోరుబావుల లోతుల పట్టిక అందులోకి ఎక్కించడం. అది 1988 ఏప్రిల్. అనంతపురంలోని ఆ కరువు సహాయ కార్యాలయంలో కంప్యూటరు ముట్టుకునే ధైర్యం ఆమె ఒక్కతెకే ఉంది. అయినా ఏడాదిగా ఆమెది తాత్కాలిక ఉద్యోగమే. పర్మనెంటు కాగితం మీద డైరెక్టరుగారు ఈరోజే సంతకం పెట్టాలి. పేరు మీద ఒక్క మెమో ఉన్నా పెట్టరు.

ఆమె కమాండు కొట్టింది. మెషీను అరగంట మూలిగి, ముప్పై రెండు మెగాబైట్లని చూపించి ఊరుకుంది.

వెనకాల సూపరింటెండెంటు శ్రీరంగప్ప నిలబడి ఉన్నాడు. కంప్యూటరు గురించి ఆయనకు తెలిసింది సున్నా. అట్టపెట్టె మీద నలభై అని అచ్చువేసి ఉందన్న సంగతి మాత్రం బాగా తెలుసు.

"ఏమ్మా, నలభై ఉండల్ల గదా? ముప్పై రెండే చూపిస్తాండాది. మిగతా ఎనిమిది యాడికి పోయినాయి?"

"తెలీదు సార్. ఇంగోసారి చేసి చూస్తా."

ఇంకోసారి చేసింది. మూడోసారీ చేసింది. తెర తన మాట మీదే నిలబడింది.

స్టోర్‌కీపరు కుళ్ళాయప్పకు కబురు వెళ్లింది. ఆయన వస్తూనే గొంతు పెంచాడు. "సీలు మీ ముందరే ఇప్పితిమి గదా సార్! నేనేమన్నా తిన్నానా దాన్ని?" అంటూ అట్టపెట్టెను బోర్లించి దులిపాడు. థర్మోకోలు ముక్కలు, ఒక బల్లి రాలాయి. మెగాబైట్లు మాత్రం రాలలేదు.

"ఎండ సార్, ఎండ!" అన్నాడు అటెండరు ఆంజినప్ప. "తడి గోనెపట్టా కప్పితే దోవకొస్తాది." అనడమే కాదు, బకెట్టుతో నీళ్లు కూడా తెచ్చేశాడు. ఓబులమ్మ రెండు చేతులూ మెషీనుకు అడ్డంపెట్టింది. "నీళ్లు పడితే ఆ ముప్పై రెండూ పోతాయన్నా! ఆడనే పెట్టు!"

ఎండ అన్న మాటతో శ్రీరంగప్ప ముఖం వెలిగింది. ఆయన ఇరవై ఏళ్లు వేరుశనగ గోడౌనులో పనిచేసి వచ్చినవాడు. అక్కడ మూట బరువు తగ్గితే ఎండకు తరుగు అని రాస్తే చాలు, అడిగే దిక్కుండదు. వెంటనే కాగితం తీసుకుని రాశాడు. 'స్టోరులో నాలుగు దినములు ఎండవేడికి గురియై డిస్కు ఎనిమిది మెగాబైట్లు తరిగినది. మూడు పర్యాయములు స్వయముగా పరీక్షించితిని.' సంతకం పెట్టి, ముద్ర కొట్టి, అప్పటికే గెస్టుహౌసులో దిగిన డైరెక్టరుగారికి జీపులో పంపించేశాడు. ఆ తర్వాత ఓబులమ్మ ముందుకు మెమో తోశాడు. డిస్కును నాలుగు రోజులు స్టోరు వేడిలో వదిలేసిన అజాగ్రత్త ఆమెదట.

"తరగడానికి అదేమన్నా శెనక్కాయా సార్? నేను సంతకం పెట్టను."

"పెట్టకుంటే పర్మనెంటు పోతాదమ్మా."

"పోతే పోనీ! చెయ్యని తప్పుకు నేనెందుకు పెట్టల్ల? మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. చీర పొట్టిదయితే దారం ఎండకు తరిగినాదని చెప్తాడా? చెప్తే ఎవురన్నా నమ్ముతారా?"

కోపంగా అన్న ఆ మాటే ఆమె బుర్రలో తిరగసాగింది. పడుగు, అంటే నిలువు దారాల వరస, మరీ పొడవైతే నాయన మగ్గం పట్టినంత మగ్గానికి ఎక్కించి, మిగిలింది ఉండలా చుట్టి పైన కట్టిపెడతాడు. అది నేతలో కనబడదు, అలాగని ఎక్కడికీ పోదు. ఆమె మెమోను పక్కకు నెట్టి, డిస్కును భాగాలు చేసే కమాండు కొట్టింది. వచ్చిన పట్టిక చూస్తే, డిస్కులో ఐదో వంతు ఎవరూ ముట్టుకోకుండా ఖాళీగా పడి ఉంది. ఆ మెషీను ఒక భాగానికి ముప్పై రెండుకు మించి ఒప్పుకోదు, అంతే. మిగిలినదాన్ని రెండో భాగం చేసి ఫార్మాట్ చేసింది. ఎనిమిదీ ప్రత్యక్షమయ్యాయి. అప్పటికి టైము రెండున్నర.

"దొరికినాయి సార్, సూడండి!"

శ్రీరంగప్ప చూశాడు. సంతోషం వచ్చినంత వేగంగానే పోయింది. "అయ్యో, తరిగినాదని పంపిస్తినే! ఏమ్మా, ఆ ఎనిమిదీ మళ్ళా తీసెయ్. నీకు పుణ్యముంటాది."

"తీస్తా సార్. బాగుండే ఎనిమిది మెగాబైట్లు మీరే తీయించినారని రాసి సంతకం పెట్టండి. అది లేకుండా మీట నొక్కను."

ఆయన పెన్ను తీశాడు. కాసేపు దాన్ని చూసి, జేబులో పెట్టేసుకున్నాడు. ఆ పక్కనే ఉన్న మెమోను మడిచి అదే జేబులో దాచుకున్నాడు.

మూడింటికి డైరెక్టరుగారు ఆ కాగితం పట్టుకునే వచ్చారు. "ఎనిమిది తరిగిందని రాశారు. ఇక్కడ నలభై ఉన్నాయే!" అన్నారు.

"తరిగినాదని నేను సంతకం పెట్టలేదు సార్," అంది ఓబులమ్మ. రెండు భాగాలు ఎందుకు చేయాల్సి వచ్చిందో విడమరిచి చెప్పి, అందులోకి ఎక్కించిన బోరుబావుల పట్టిక చూపించింది. ఆయన అక్కడే నిలబడి ఆమె పర్మనెంటు కాగితం మీద సంతకం చేశారు. ఓబులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఆ సంబరం శ్రీరంగప్ప కంటపడనివ్వలేదు. తరిగిన ఎనిమిది మళ్లీ ఎలా వచ్చాయో సాయంత్రంలోగా రాసివ్వమని శ్రీరంగప్పకు చెప్పి డైరెక్టరుగారు జీపెక్కారు.

"జరిగిందే చెప్తా, రాసుకోండి సార్," అంది ఓబులమ్మ. ఇరవై ఏళ్ల గోడౌను అలవాటు ఆయన్ను వినిపించుకోనిస్తే కదా! ఆయన సొంతంగానే రాశాడు. 'వాన తేమకు డిస్కు ఉబ్బి యథాస్థితికి వచ్చినది.'

ఆ వేసవిలో అనంతపురంలో వాన పడిందని ఆ కార్యాలయం నుంచి వెళ్లిన కాగితం అదొక్కటే.