నాలుగు కాళ్లకు నలుగురు డాక్టర్లు

కాలికొక డాక్టరు ఉంటే తప్ప ఏ జీవీ సరిగ్గా నడవలేదు! ఇది నా స్థిరాభిప్రాయం. నవ్వకండి.

నెలల తరబడి కుంటుతున్న మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. మోకాలి డాక్టరు తుంటి డాక్టరు దగ్గరికి, ఆయన వెన్ను డాక్టరు దగ్గరికి, ఆయన తిరిగి మోకాలి దగ్గరికే పంపారట. "నా కాలితో బంతాట ఆడుతున్నారు" అంటుంది. ఎంత అజ్ఞానం! చేతులు మారేకొద్దీ శ్రద్ధ పెరగదూ?

దేవుడు నా పక్షాన ఉన్నాడు. ఆ వారమే మా కుక్క నల్లోడు కూడా కుంటడం మొదలుపెట్టాడు. ఆవిడకు కళ్లారా చూపిద్దామని ఇద్దరినీ పశువుల సూపర్ స్పెషాలిటీకి తీసుకెళ్లాను.

ఏం ఆసుపత్రి! ముందు కాళ్లకు ఒక అంతస్తు, వెనక కాళ్లకు ఒక అంతస్తు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాళ్లను చూశాం. ఇక్కడ ఒక్కొక్కరి కుందేలుకు ఒక్కటే కాలు!

"నడకంటే మాటలా సార్? ఒక కాలి కండరం బిగిస్తే ఇంకో కాలిది వదలాలి. వెనకవి తోస్తుంటే ముందువి తూకం నిలుపుకోవాలి. నాలుగూ ఒకదాని సంగతి ఒకటి కనిపెట్టుకునుండాలి" అన్నాడు కుడి ముందుకాలి డాక్టరు.

"మరి మీ నలుగురూ మాట్లాడుకుంటారాండీ?" అంది మా ఆవిడ.

"అది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా."

తన కాలి కండరాలు రాయిలా బిగుసుకున్నాయని ఆయన కట్టు కట్టాడు. ఎడమ ముందుకాలాయన తన కాలు భేషుగ్గా ఉందన్నాడు. కుడి వెనకాయన తన కాలు ఒళ్లంతా మోసి అలసిందని విశ్రాంతి రాశాడు. ఎడమ వెనకకాలి డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆ కాలిని ముట్టుకునే అధికారం మిగతావాళ్లకు లేదు. ఎంత క్రమశిక్షణండీ!

నల్లోడు వెయిటింగ్ హాల్లో చతికిలబడ్డాడు. మెడ తిప్పి, ఆ ఎడమ వెనక కాలినే నోటికి తెచ్చుకుని, కాసేపు నాకి, పళ్లతో లాగాడు. ఇంత పొడుగు ముల్లు! లేచి ఒళ్లు విదిలించి, కట్టు ఈడ్చుకుంటూ, నాలుగు కాళ్ల మీదా గుమ్మం దాటాడు. కుడి ముందుకాలి డాక్టరు కేసు షీటులో "చికిత్స ఫలించింది" అని రాసుకున్నాడు.

"చూశావా స్పెషాలిటీ మహిమ!" అన్నాను.

మా ఆవిడ రెయిలింగ్ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతోంది. రేపు మళ్లీ మోకాలి డాక్టరు అపాయింట్‌మెంట్.

"వాడికేమండీ, వాడి నోరు వాడి కాలికి అందుతుంది" అంది.

వెళ్లి రెండో చెయ్యి పట్టుకున్నాను. తొందరపడి రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డాం కదండీ మనుషులం!