స్టెబిలైజర్ చిన్నపోలయ్య

రోడ్లు బాగుచేయాలని ప్రభుత్వంవారు ఎందుకింత ఆయాసపడుతున్నారో అర్థం కాదు. రోడ్డు బాగుండటమంటే ఏమిటి? దానిమీద పోయే పెద్దమనిషికి కుదుపు తెలియకపోవటం. అంతే కదా! ఆ ఏర్పాటేదో కారులోనే ఉంటే ఇక నేలమీద కంకర పోయటం దేనికి? చక్కని కారొకటి ఉంటే గతుకుల రోడ్డును మించిన వరం ఈ దేశంలో మరొకటి లేదు.

నమ్మరా? అయితే మొగపాలెం రోడ్డు సంగతి వినండి.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే ఒకచోట తారు రోడ్డు ఆగిపోతుంది. అక్కడినుంచి మొగపాలెందాకా ఉన్నదాన్ని రోడ్డని పిలవటం ఊరివాళ్ల మంచితనం. ఎండాకాలం పిక్కలదాకా ఇసుక, వానాకాలం మోకాళ్లదాకా రొంపి. నడుమ కాలువ దగ్గర ఒక పెద్ద మలుపు. ఆ మలుపులో ఎద్దుబండి కూడా ఆగి ఆలోచించుకుని మరీ తిరుగుతుంది.

మొగపాలెం ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఈ దారినే నడిచి తారు రోడ్డెక్కి నెల్లూరు బస్సు కోసం నిలబడతారు. ఈలోగా ఎండెక్కుతుంది. చేప మెత్తబడుతుంది. నెల్లూరులో బేరగాడు ముక్కు మూసుకుని సగం ధర చెబుతాడు. కంకర రోడ్డు పడితే ఊళ్లోకే బస్సు తిప్పుతానని బస్సు యజమాని మాటిచ్చాడు. ఆ రోడ్డు వేయిస్తానని పంచాయతీ సమితి ప్రెసిడెంటు సంజీవరావుగారు మాటిచ్చారు.

సంజీవరావుగారు అబద్ధాలాడే మనిషి కారు. బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు, ఊరూరా మంచిపేరు. రోడ్డు నిజంగానే వేయించాలనుకున్నారు. అంతలో ఆయనకు కారు దొరికింది!

సీమకు మూటాముల్లె సర్దుకుపోతున్న ఒక దొర అమ్మేసిన స్పోర్ట్స్ కారు అది. ఎర్రరంగు. గుడ్డ టాపు, వెనక్కి మడిచిపెట్టుకోవచ్చు. సీట్లు రెండే. నేలకు జానెడెత్తున సాగిపోతుంది. బరువు ముందూ వెనకా సమానంగా పంచినట్టు, మలుపుల్లో నేలను కరుచుకుని పోయేట్టు కట్టారట. దాన్నే హ్యాండ్లింగు అంటారట. అయితే టాపు కోసేసిన కారు మూతలేని అట్టపెట్టె లాంటిది. పట్టుకుంటే మెలిక తిరుగుతుంది. అందుకని సీమవాళ్లు కింద ఛాసిస్ అనే చట్రానికి అదనంగా ఇనప దూలాలు వేసి, ఎడమచక్రాన్నీ కుడిచక్రాన్నీ కలుపుతూ స్టెబిలైజర్ బార్ అనే ఉక్కుకడ్డీ ఒకటి బిగించారు. కారు ఒకపక్కకు ఒరగబోతే ఆ కడ్డీ ఒరగనివ్వదు.

ఇదంతా సంజీవరావుగారు చెబితే జిల్లాకంతటికీ కంఠతా వచ్చింది. పెళ్లికి పిలిస్తే అక్కడా హ్యాండ్లింగు గురించే! పరామర్శకు పోతే పోయినవాడి మంచితనం రెండు ముక్కలు, ఛాసిస్ మంచితనం రెండు గంటలు!

ఆ కారుతో ఆయన మొదటిసారి మొగపాలెం బయలుదేరారు. కాలువ దగ్గర తూము రాయి తగిలి స్టెబిలైజర్ బార్ రెండు ముక్కలైంది. మద్రాసులో మెకానిక్కు పెదవి విరిచాడు. కొత్తది సీమనుంచి రావాలి. దానికి ఇంపోర్టు లైసెన్సు కావాలి. మన దేశంలో ఇంపోర్టు లైసెన్సు కోసం కూర్చున్నవాడికి మనవలు పుట్టవచ్చుగాని లైసెన్సు పుట్టదు.

సరిగ్గా అప్పుడే మన చిన్నపోలయ్య రంగప్రవేశం చేశాడు.

మొగపాలెంలో తెరచాప ఎత్తి తెప్ప నడపటంలో అతని తర్వాతే ఎవరైనా. గాలి విసురుకు తెప్ప ఒరిగితే లేచిన పక్కకు తన ఒళ్లు వాల్చి నిలబెడతాడు. అది ఆలోచించి చేసే పని కాదు. నిద్రలో మంచం కదిలినా అతని నడుము దానంతటది అటో ఇటో సర్దుకుంటుందని భార్య అంకాలమ్మ చెబుతుంది.

బారు లేకుండానే మళ్లీ వచ్చి ఇసుకలో దిగబడ్డ కారును ఊరివాళ్లతో కలిసి పైకెత్తినందుకు సంజీవరావుగారు ముచ్చటపడి అతణ్ణి తారు రోడ్డుదాకా రమ్మన్నారు. పక్కసీట్లో సమితి గుమాస్తా ఉన్నాడు గనక చిన్నపోలయ్య వెనక మడతపెట్టిన టాపుమీద కూర్చున్నాడు. కాలువ మలుపు వచ్చింది. కారు ఒరిగింది. చిన్నపోలయ్య లేచిన పక్కకు వాలాడు. కారు పెళ్లికూతురిలా తలొంచుకుని తిరిగిపోయింది!

సంజీవరావుగారు బ్రేకు కొట్టారు. "ఏం చేశావురా నువ్వు?"

"నేనేం చేసినానయ్యా? బండి వాలతా ఉంటే సర్దుకున్నా, అంతే."

ఆనాటినుంచి ఉక్కుకడ్డీ చేయవలసిన పని చిన్నపోలయ్య చేయసాగాడు. పాఠకులారా, ఇందులోని లాభాలు గమనించండి. ఇనప బారు రాయి తగిలితే విరుగుతుంది. ఇది "అమ్మా" అని ఊరుకుంటుంది. ఇనప బారుకు గ్రీజు కావాలి. దీనికి చద్దన్నం చాలు. ఇనప బారు దారిన పోయే కలెక్టరుగారికి నమస్కారం పెట్టగలదా? పైగా ఇది ముమ్మూర్తులా స్వదేశీ! పంచవర్ష ప్రణాళికలో ఇటువంటి పరిశ్రమకు ఒక్క పేజీ కూడా కేటాయించకపోవటం శోచనీయం.

చిన్నపోలయ్యకూ గర్వం లేకపోలేదు. ఎందుకుండదు? సముద్రంలో ఎంత నేర్పు చూపించినా చూసి మెచ్చుకునేవాడెవడు? ఇక్కడ సంజీవరావుగారు పదిమందిలో "మా స్టెబిలైజర్" అని భుజం తట్టేవారు. పోనుపోను అతని పనితనం ముదిరి, గ్లాసులో కాఫీ తొణక్కుండా కారు మొగపాలెం చేరటం మొదలైంది.

రోడ్డు మంజూరు చేయాలో వద్దో చూడటానికి జిల్లానుంచి ఇంజనీరు జీవానందంగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన పైసా ముట్టని మనిషి. ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టరు, ఉన్నది లేనట్టు రాయరు. పైగా ఆయనకు నడుంనొప్పి. ఏ రోడ్డు ఎంత చెడిందో ఆయన నడుమే చెప్పేస్తుందని ప్రతీతి. మొగపాలెంవాళ్లు ఆ నడుముమీద ఆశలన్నీ పెట్టుకున్నారు.

"నా కారులో రండి" అన్నారు సంజీవరావుగారు. ఆయన దురుద్దేశమేమీ లేదు. చదువుకున్న ఇంజనీరు, హ్యాండ్లింగు విలువ తెలిసిన మనిషి, ఇంకెప్పుడు దొరుకుతాడు?

తెల్లారి బయలుదేరేటప్పుడు అంకాలమ్మ మొగుడికి గట్టిగా చెప్పింది. "ఇయాల నువ్వు ఉప్పుమూట మాదిరి గమ్మున కూచోవాల. బండి యెట్ట పోతే అట్ట పోనీ. ఆయన నడుము ఇరగాల. ఇరిగితేనే మనకు రోడ్డు, తెలిసిందా?"

"తెలిసిందిలేమే, నేనేం పసిబిడ్డనా?" అన్నాడు చిన్నపోలయ్య.

తారు రోడ్డు చివర కారెక్కి కూర్చున్నాడు. పళ్లు బిగపట్టాడు. చేతులు కట్టుకున్నాడు. కదలకూడదు, కదలకూడదు అని లోపల జపం చేసుకున్నాడు. మొదటి గుంట రానే వచ్చింది. ఎడమపక్క దిగింది. అతని నడుము అతణ్ణి అడక్కుండానే కుడిపక్కకు పోయింది! ఛీ అనుకున్నాడు. రెండో గుంటలోనూ అంతే. కాలువ మలుపులో రెండు చేతులతో టాపు మడత గట్టిగా పట్టుకుని, కావాలని బిగుసుకుని చూశాడు. ప్రాణం పోతున్నట్టయింది. తెప్ప మునుగుతున్నా చూస్తూ కూర్చోవటం పుట్టి బుద్ధెరిగాక అతనికి చేతకాలేదు. వాలాడు.

మొగపాలెంలో జీవానందంగారు కారు దిగి నడుం తడుముకుని చూసుకున్నారు. ముఖం విప్పారింది.

"ఇంత సుఖమైన రోడ్డు ఈ తాలూకాలో నేను చూడలేదు" అన్నారు.

ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది. చిన్నపోలయ్య తల ఎత్తలేదు. అంకాలమ్మ మాత్రం కొయ్యబారే మనిషి కాదు. సంజీవరావుగారు తిరుగు ప్రయాణానికి హారన్ కొట్టేసరికి మొగుడి పంచె పట్టుకుని గుడిసె వెనక్కి లాక్కుపోయింది.

"అయ్యా, నాకు కడుపులో నొప్పి. మీరు పొండి" అని అక్కడినుంచే కేకేశాడు చిన్నపోలయ్య.

కారు అతను లేకుండానే పోయింది. ఊరివాళ్లంతా వెనకే పరుగెత్తారు. కాలువ మలుపులో కారు ఒరిగింది, ఇంకా ఒరిగింది. ఛాసిస్ మెలిక తిరిగి రెండు తలుపులూ వాటంతటవే తెరుచుకున్నాయి. సంజీవరావుగారు స్టీరింగుతోపాటు గట్టున, జీవానందంగారు నడుముతోపాటు రొంపిలో! దెబ్బలేమీ లేవు. అంకాలమ్మకు కళ్లనీళ్లొచ్చాయి. ఇప్పుడు తెలిసిందిరా దేవుడా ఈయనకు మా రోడ్డు సంగతి అనుకుంది.

జీవానందంగారు గట్టెక్కి, కళ్లజోడు తుడుచుకుని, చాలాసేపు ఆలోచించారు. చదువుకున్నవారు తొందరపడి నిర్ణయానికి రారు.

"వచ్చేటప్పుడూ ఇదే రోడ్డు, పోయేటప్పుడూ ఇదే రోడ్డు. కారు కూడా అదే. అప్పుడు హాయిగా ఉంది, ఇప్పుడు లేదు. తేడా ఎక్కడుంది? వెనక కూర్చున్న మనిషి లేడు. అంటే లోపం రోడ్డులో లేదన్నమాట" అన్నారు. మనసులో ఏమీ దాచుకోని మనిషి గనక ఆ ముక్కే పైకి కూడా రాశారు.

ఇందులో తప్పు పట్టగలిగినవారు పట్టండి చూద్దాం! తర్కం అంత నిక్కచ్చిగా ఉంది. పైవారికి కూడా నచ్చింది. కంకర అక్కర్లేదని తేలింది. ఆ పద్దులోంచే రోడ్డు సంరక్షణ కింద ఒక పర్మనెంటు ఉద్యోగం మంజూరైంది. చిన్నపోలయ్యకు రెండు జతల ఖాకీ బట్టలిచ్చారు. అతను వద్దంటానికి రెండుసార్లు సమితి ఆఫీసుకు పోయాడు. "సర్కారు ఉద్యోగం వద్దనే పిచ్చివాణ్ణి నిన్నే చూశానురా" అని గుమాస్తా నవ్వి పంపేశాడు.

ఇప్పుడు ఆ దారిని ఇంజనీర్లు, తహసీల్దార్లు, ఎన్నికలొస్తే నాయకులు, అందరూ బాగుచేయించిన ఆ కారులోనే వస్తారు. అందరూ రోడ్డును మెచ్చుకునే పోతారు.

మొన్నొకనాడు కాలువ మలుపులో గంప నెత్తిన పెట్టుకుని, మోకాళ్లదాకా రొంపిలో అంకాలమ్మ పక్కకు ఒదిగి నిలబడింది. కారు ఆగింది. సంజీవరావుగారు ఆప్యాయంగా పలకరించారు.

"ఏమ్మా అంకాలమ్మా! మొగుడికి సర్కారు జీతం. సంతోషమేనా?"

"సంతోషమే సామీ" అంది. ఆపైన మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వు వాలితే ఈళ్ల కింద రోడ్డు బాగుంటా ఉండాదే. నా కాళ్ల కింద యెప్పుడు బాగుంటాది?"

కారు కదిలింది. గంప నెత్తినే ఉంచుకుని ఆమె అక్కడే నిలబడిపోయిందని చిన్నపోలయ్యకు తెలుసు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ముందు గుంట ఉంది, సీట్లో కొత్త తహసీల్దారుగారున్నారు. తను అటు తిరిగితే రోడ్డు చెడిపోతుంది.