ఒకరు విడిచిన బట్టలే శ్రేష్ఠం

కొత్త బట్టలు కొనుక్కోవడం తెలివితక్కువ పని. ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. భీమవరంలో ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి, ఋజువు లేకుండా నోరు విప్పను.

కొత్త చొక్కా గురించి మీకేం తెలుసు చెప్పండి? ఉతికితే కురచవుతుందో లేదో తెలియదు. రంగు దిగుతుందో లేదో తెలియదు. చంక కింద ఎప్పుడు పిగులుతుందో దేవుడికే తెలియాలి. అదే ఒకరు రెండేళ్ళు తొడిగి విడిచిన చొక్కా అనుకోండి. కురచవ్వాల్సినంత అయిపోయింది. దిగాల్సిన రంగు దిగిపోయింది. పిగలాల్సింది పిగిలి, కుట్లు కూడా పడిపోయాయి. ఇక దానికి కొత్తగా రాగల కష్టం ఏముంది? చెయ్యాల్సిన ప్రయోగాలన్నీ ఎవరో మహానుభావుడు తన ఒంటి మీద చేసుకుని ఫలితం మనకు పంపిస్తున్నాడు. సైన్సంటే ఇదే కదా!

ఇంత గొప్ప సత్యం నాకు 2007 వర్షాకాలంలో అచ్చిబాబు నెట్ సెంటర్లో తెలిసింది. మావాడి ఇంజనీరింగ్ ర్యాంకు చూద్దామని వెళ్ళాను. ఆ పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. నేనేం నొక్కానో గానీ, దాని బదులు ఇంకో పేజీ తెరుచుకుంది. నిండా ప్యాంట్లు, చొక్కాలు, కోట్లు, చీరలు. అన్నీ వాడినవే. కింద అమ్మేవాళ్ళ ఊళ్ళు: లూథియానా, నాగపూర్, సిమ్లా.

"ఇవి మనం కొనొచ్చా అచ్చిబాబూ?" అని అడిగాను.

"కొనొచ్చండి. డీడీ తీసి కంపెనీ పేరున పంపితే, అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి తెప్పించి కంపెనీవాళ్ళే పార్సిల్ పంపేస్తారండి. కాకపోతే చూసి కొనాలండి."

"చూస్తూనే ఉన్నాగా."

"అది ఫొటో అండి మాస్టారూ. తమరు చూడాల్సింది కొలతలండి."

మొదటి సలహా ఇక్కడే రాసుకోండి. కొలతలు అంగుళాల్లో ఇచ్చారో సెంటీమీటర్లలో ఇచ్చారో చూసుకోవాలి. జవాబు పక్కన యూనిట్ రాయని పిల్లలకు నేను అర మార్కు కోస్తాను. ఆ పట్టుదలతోనే, నడుము ముప్పై ఎనిమిది అని ఉన్న బూడిదరంగు ప్యాంటు తెప్పించుకున్నాను. ఫొటోలో నిండుగానే ఉంది. పార్సిల్ విప్పితే రెండేళ్ళ పిల్లాడి లాగు వచ్చింది.

మా ఆవిడ వీరవేణి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"రేపు కాలేజీకి దీన్ని ఏ కాలికి తొడుక్కుని వెళ్తారండీ?" అని అడిగింది.

పరిశోధకులకు ఇంట్లో ప్రోత్సాహం ఉండదు.

తర్వాత ఢిల్లీ నుంచి తెల్లకోటు తెప్పించాను. మెడ దాకా మూసి ఉంటుంది, ముందు ఇత్తడి గుండీలు. "హోదాగల కోటు" అని ఫొటో కింద రాశారు. అద్దంలో చూసుకుంటే ఏదో సంస్థానం దివాన్‌లాగా ఉన్నాను. తణుకులో మా ప్రిన్సిపాల్ గారి అమ్మాయి పెళ్ళికి అదే తొడుక్కుని వెళ్ళాను.

హాలు గుమ్మం దగ్గర ఎవరో నన్ను ఆపి చేతిలో బకెట్టు పెట్టారు. చూస్తే ఆయన వంటల కాంట్రాక్టరు అప్పాజీ గారు. ఆయన వెనక వడ్డించేవాళ్ళు పదిహేను మంది ఉన్నారు. అందరికీ తెల్లకోట్లు, అందరికీ ఇత్తడి గుండీలు.

"ఇందాకట్నుంచి ఎక్కడికెళ్ళిపోయావయ్యా? రెండో బంతిలో దప్పళం దప్పళం అని మొత్తుకుంటున్నారు," అన్నారు అప్పాజీ గారు.

"నేను లెక్చరర్నండి," అన్నాను.

"ఈ రోజుల్లో ఎమ్మేలు చదివినోళ్ళు కూడా వడ్డనకొస్తున్నారయ్యా. తప్పేం లేదు. ముందు లోపలికి నడు."

ఇంకో మాట చెప్పేలోపే వెనకనుంచి ఇద్దరు నెట్టారు. బంతిలోకి వెళ్ళిపోయాను. అక్కడ ఆగి నేను ఎవరో వివరించే వీలుందా? ఆకుల ముందు ఆకలితో ఉన్నవాళ్ళకు వివరణ అక్కర్లేదు, దప్పళం కావాలి. మా ప్రిన్సిపాల్ గారి తమ్ముడు తల ఎత్తకుండా, "ముక్కలు పడేట్టు వెయ్యి బాబూ," అన్నారు. వేశాను. రెండు బంతులు పూర్తయ్యాక వంటవాళ్ళతో పాటు లోపల కూర్చుని భోంచేశాను. పూతరేకులు బయట ఒక్కొక్కటే వేశారు, లోపల అడిగినన్ని. ఏ అతిథికి దక్కింది ఆ మర్యాద? కాబట్టి కోటుకు హోదా ఉందని రాస్తే, అది ఏ హోదానో ఉత్తరం రాసి కనుక్కోండి.

ఈ సంగతి తెలిశాక వీరవేణి వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ తర్వాత ఒకరోజు కాఫీ ఇస్తూ, "మీ సరదాకి నేనేమీ అడ్డం రాలేదు. మా అన్నయ్య కూతురు సత్యశ్రీ నిశ్చితార్థానికి మాత్రం నాకో మంచి పట్టుచీర కావాలి," అంది.

నేను నేరుగా అచ్చిబాబు దగ్గరికి వెళ్ళాను. రెండు గంటలు వెతికితే దొరికింది. వంగపండు రంగు చీర, చిలకపచ్చ అంచు, పైట మీద నెమళ్ళ బారు. అమ్మేవాళ్ళ పేరు గీతు అని మాత్రమే ఉంది. ఊరు హైదరాబాద్. ఆరు రోజుల్లో పార్సిల్ వచ్చింది.

వీరవేణి చీర విప్పి అంచు తిరగేసింది.

"ఏమండీ, దీనికి ఫాల్ కుట్టి ఉంది."

"ఇప్పుడు షాపువాళ్ళే కుట్టించి ఇస్తున్నారు."

"కలరా ఉండల వాసన కూడా షాపువాళ్ళే పట్టించారా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ కోప్పడలేదు. చీరను మంచమంతా పరిచి మెల్లగా చేత్తో నిమురుతూ కూర్చుంది. పైట మీద ఒక నెమలికి ఒక్క కాలే ఉంది. నేతగాడు రెండోది మరిచిపోయినట్టున్నాడు.

"ఎవరో గానీ ఎంత అపురూపంగా దాచుకుందండీ. మడతలు మార్చి మార్చి పెట్టింది, ఎక్కడా పట్టు చిట్లలేదు," అంది. ఫాల్ కుట్లు తడిమి, "ఇంతలా దాచుకున్న మనిషి ఎందుకమ్ముకుందో," అంది.

"మనకెందుకు? కొనేవాడికి అమ్మేవాడి సంగతి అక్కర్లేకపోవడమే ఆన్‌లైన్లో ఉన్న సౌకర్యం," అన్నాను.

వీరవేణి నా వైపు ఒకసారి చూసి చీర మడత పెట్టుకుంది.

నిశ్చితార్థం రోజు ఆ చీరలో మా ఆవిడ చాలా బాగుంది. అందరూ అన్నారు. నేను గర్వంగా నాలుగు కుర్చీలవతల కూర్చున్నాను. అప్పుడు సంపూర్ణమ్మ గారు వచ్చారు.

ఈవిడ వీరవేణికి పెద్దమ్మ వరస. ఉండి నుంచి ఆకివీడు దాకా ఏ ఆడమనిషి ఏ సంవత్సరం ఏ పెళ్ళికి ఏ చీర కట్టిందో ఆవిడకు కంఠతా. పన్నెండేళ్ళ ఎడంతో ఒకే చీర రెండుసార్లు కట్టినవాళ్ళను కూడా పట్టేశారు. ఆవిడ వచ్చి వీరవేణి పైట అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, నెమళ్ళను ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. ఒకచోట ఆగారు.

"ఇది మన రత్నమాణిక్యం గారి చీర కదటే," అన్నారు. "వాళ్ళ ఆడపడుచు పెళ్ళికి కట్టారు. ఇదిగో, ఒంటికాలి నెమలి."

రత్నమాణిక్యం గారు అక్కడే, ఎదురు వరసలో కూర్చుని ఉన్నారు. మా పక్కవీధిలో ఉంటారు. ఆవిడ భర్త పల్లంరాజు గారికి నలభై ఎకరాల రొయ్యల చెరువులుండేవి. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులు పడి, చెరువుల మీద రొయ్యలు తేలిపోయాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనబడరు. వాళ్ళ అమ్మాయి గీతిక హైదరాబాద్‌లో చదువుకుంటోంది. గీతు అంటే ఎవరో నాకు అప్పుడు అర్థమైంది.

రత్నమాణిక్యం గారు కూల్‌డ్రింక్ గ్లాసును కుర్చీ కింద పెట్టారు. ఆవిడ తల ఎత్తలేదు. అక్కడున్న పదిమంది ఆడవాళ్ళూ మనసులో ఆవిడ బీరువా తలుపులు తీసి చూస్తున్నారు. ఫిజిక్స్‌లో దీనికి సూత్రం లేదు.

వీరవేణి తాపీగా పైట సవరించుకుంది.

"అవును పెద్దమ్మా, వారి చీరే," అంది. "నిశ్చితార్థానికి కట్టుకోడానికి నాకు సరైన చీర లేకపోయింది. వెళ్ళి అడిగాను. పాపం, బీరువా తీసి మీకేది కావాలో తీసుకోమన్నారు. నేనే దీన్ని పట్టుకొచ్చాను."

ఇరవై అయిదేళ్ళ కాపురంలో పక్కింట్లో గిన్నెడు పంచదార అడగని మనిషి మా ఆవిడ. అలాంటిది చీర అడిగి తెచ్చుకున్నానని పదిమందిలో చెప్పింది.

"రేపు ఇస్త్రీ చేయించి తెచ్చిచ్చేస్తానండి," అంది రత్నమాణిక్యం గారి వైపు తిరిగి.

ఆవిడ మెల్లగా తల ఎత్తారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. గొంతు మాత్రం నిలకడగానే ఉంది.

"ఇవ్వడం ఏంటండి వేణిగారూ. అది మీ దగ్గరే ఉండనివ్వండి. నాకన్నా మీకే బాగుంది," అన్నారు.

మర్నాటికల్లా లెక్చరర్ గారి భార్య చీరలు అడుక్కుని కట్టుకుంటోందని భీమవరమంతా తెలిసిపోయింది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి కుర్చీ వేయించి, "ఇంట్లో అంతా కులాసాయే కదండీ?" అని చాలా దయగా అడిగారు. నా పరువు అలా పోయింది. దాని వెనకే ఇంకో చిక్కు వచ్చింది. రత్నమాణిక్యం గారికి దాత అని పేరొచ్చింది.

నాలుగో రోజున ఒకావిడ వాళ్ళింటికి వెళ్ళి చీర అడిగింది. బీరువాలో పట్టుచీరలన్నీ అప్పటికే హైదరాబాద్ మీదుగా దేశమంతా వెళ్ళిపోయాయి. ఆ మాట చెప్పడం ఎలా? వచ్చినావిడను హాల్లో కాఫీ తాగుతూ ఉండమని చెప్పి, రత్నమాణిక్యం గారు పెరటి దారిన మా ఇంటికి వచ్చారు.

"వేణిగారూ, ఆ చీర ఒక్కరోజుకి ఇప్పిస్తారాండీ?" అన్నారు.

ఆ చీర వెళ్ళి వచ్చింది. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళింది. ఒక్క నెలలో రెండు పెళ్ళిళ్ళు, ఒక సీమంతం, ఒక ఓణీల ఫంక్షన్, మూడు సత్యనారాయణ వ్రతాలు చూసింది. ఏడుగురు ఆడవాళ్ళు, ఒకే చీర. నాలుగో ఫంక్షన్‌కి సంపూర్ణమ్మ గారికి తన మీద తనకే అనుమానం వచ్చింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన పరీక్ష చేసి చూపు చక్కగా ఉందన్నాడట.

"బాగుంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ నాకు రత్నమాణిక్యం గారిలాగా ఎందుకు కనబడుతున్నారు నాయనా?" అని ఆవిడ అడిగారట. డాక్టరు మందులేమీ రాయలేదు, విశ్రాంతి తీసుకోమన్నాడట.

ఈ కబురు చెప్పుకుని వీరవేణీ, రత్నమాణిక్యం గారూ మా వంటింట్లో నవ్వుకున్నారు. ఆవిడ నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. నేను కూడా నవ్వుతూ లోపలికి వెళ్ళాను. ఆవిడ కొంగు సర్దుకుని లేచి నిలబడబోతే వద్దన్నాను.

"ఇక్కడ అమ్మితే తెలిసిపోతదని మా గీతిక చేత అక్కణ్ణుంచి పెట్టించానండి మాస్టారూ," అన్నారు. "ఏ లూథియానా వాళ్ళో కొనుక్కుంటారనుకున్నాను."

"మేమూ ఎవరో హైదరాబాద్ ఆవిడనుకున్నామండి."

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"ఒక మాట అడగనాండీ? తమరు రోజూ మా వీధిలోంచే కాలేజీకి వెళ్ళేవారు. అరుగు మీద రాజుగారుంటే ఆగి రెండు మాటలు మాట్లాడేవారు. చెరువులు పోయాక చివరి వీధి మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఆ వేళకి రాజుగారు ఇప్పటికీ అరుగు మీదే కూర్చుంటారండి."

"ఇబ్బందిగా ఉంటుందనండి," అన్నాను.

"ఎవరికండీ?" అని అడిగారావిడ. గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామనే అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. యూనిట్ కూడా లేదు.

కాబట్టి పాఠకులారా, ఆన్‌లైన్లో పాతబట్టలు కొనడం వల్ల లాభమేంటో ఇప్పుడు మీరే చూడండి. పక్కవీధిలో ఒక ఇంటికి కష్టం వచ్చింది. ఆ కష్టం చీర రూపంలో హైదరాబాద్ వెళ్ళి, ఫొటో దిగి, కంప్యూటర్లోకి ఎక్కి, అచ్చిబాబు నెట్ సెంటర్లో నా కళ్ళబడి, డీడీ కట్టించుకుని, అట్టపెట్టెలో మా గుమ్మం ముందు దిగింది. ఇదంతా కేవలం ఆరు రోజుల్లో జరిగింది. ఇంతటి వేగం మన తాతల కాలంలో ఉందా?

అయితే అంతకాలం ఆగలేని తొందరపాటు మనుషులు కొందరుంటారు. వారికి ఇంకో పద్ధతి ఉంది. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. నిన్న నేను కొలిచాను. మా గుమ్మం నుంచి పల్లంరాజు గారి అరుగు దాకా నడిస్తే మూడు నిమిషాలు.